అనధికార ఆనందం

మూలంలో లేనిదాన్ని చూడవచ్చు గానీ ఆనందించరాదని ప్రభుత్వం చట్టం చేసిన ఏడాదే కొల్లూరి పానకాలుకు సర్కారు ఉద్యోగం వచ్చింది.

చట్టానికి దారితీసిన గొడవ పెద్దదేం కాదు. 'ఉప్పునది' అని జపాను మాంగా ఒకటుంది. మాంగా అంటే బొమ్మలతో నడిచే కథల పుస్తకం. సంపుటాలు సంపుటాలుగా వస్తూనే ఉంటుంది. తెలుగులోకి వచ్చాక తెనాలిలో పిండిమిల్లు వాళ్ళ దగ్గర్నుంచి ప్లీడర్ల దాకా దాని మీద పడ్డారు. తర్వాత ఆ జపాను వాళ్ళే దాన్ని కదిలే బొమ్మలుగా, అనిమేగా తీశారు. అదీ తెలుగు మాటలతో మన హాళ్ళకొచ్చింది. తీసినవాళ్ళు చెయ్యి ఊరుకోక కథను అక్కడక్కడా మార్చారు. జనం హాయిగా చూసి చప్పట్లు కొట్టారు.

అక్కడితో పోయేదే. కానీ ఆ హాల్లో ఒక పెద్దాయన బావమరిది కూడా ఉన్నాడు. సంపుటాలన్నీ కంఠతా పట్టిన మనిషి. లేచి నిలబడి "ఇది పుస్తకంలో లేదు! ఇది పుస్తకంలో లేదు!" అని అరిచాడు. వెనక వరసవాళ్ళు "తెలుసులేవయ్యా, కూచో" అన్నారు. ఆ 'తెలుసు' అన్న మాటే ఆయన్ని కుంగదీసింది. తెలియక ఆనందిస్తే అమాయకులని వదిలేయొచ్చు. తెలిసి ఆనందించడమేమిటి? బావమరిది అన్నం మానేశాడు. తమ్ముడు తినలేదని అక్కగారు వంట మానేసింది. పెద్దాయన నాలుగు పూటలు హోటలు భోజనం చేసి, కడుపు చెడి, శాసనసభలో బిల్లు పెట్టాడు.

అసలు మార్పులనే నిషేధిద్దామనుకున్నారు గానీ వినోదపు పన్ను పోతుందని ఆర్థికశాఖ అడ్డం తగిలింది. అందుకని మధ్యేమార్గం తొక్కారు. మార్పులుంటాయి, టిక్కెట్టుంటుంది, ఆనందం మాత్రం ఉండదు. దీన్ని అమలు చేయడానికి మూలకృతి మర్యాద పరిరక్షణ శాఖ పుట్టింది. ప్రతి హాల్లో తెర పక్కన ఎర్రదీపం పెట్టారు. కథ పుస్తకాన్ని దాటగానే ఆ దీపం వెలుగుతుంది. వెలిగినంతసేపూ ప్రేక్షకులు 'సమముఖం' పాటించాలి. నిట్టూర్చవచ్చు. తల అడ్డంగా ఊపవచ్చు. "అయ్యో, పుస్తకంలో ఎంత బావుందో" అని పక్కవాళ్ళతో అనుకోవచ్చు. నవ్వినా, చప్పట్లు కొట్టినా, సంతోషంతో కళ్ళు తుడుచుకున్నా అనధికార ఆనందం కింద కేసు.

పానకాలు ఉద్యోగం పేరు ముఖ పరిశీలకుడు. తెనాలి వీరభద్రా టాకీసులో తెర కింద ఒక గుండ్రటి తిరుగుడు బల్ల వేశారు. దాని మీద తెరకు వీపుపెట్టి, జనానికి ఎదురుగా కూచుని, ఎవరి పెదవి ఎక్కడ వంకర తిరుగుతుందో కనిపెట్టాలి. చెవుల్లో శాఖవారి దూది. వెనక ఏం జరుగుతోందో అతను చూడకూడదు, వినకూడదు.

"చూచువాని ముఖమును చూడవలసినవాడు, వాడు చూచుచున్నదానిని చూడరాదు" అని చేరినరోజే వివరించాడు జిల్లా మర్యాదాధికారి అయ్యగారి త్రివిక్రమరావు. ఆయన మాట్లాడితే ప్రతిమాటా గెజెట్లో పడుతుందేమోనన్నట్టు ఉంటుంది. "చూచినచో పరిశీలకుని దృష్టి కలుషితమగును. కావున మీరు ఈ అనిమేను ఈ జన్మలో, ఏ ఊరిలోను, ఏ రూపేణా తిలకించరాదు. భార్య ద్వారా, బంధువర్గము ద్వారా కథ వినరాదు. అర్థమైనదా?"

"అయిందండి" అన్నాడు పానకాలు. ఉద్యోగం కోసం ఇన్నేళ్ళు కాలుగాలిన పిల్లిలా తిరిగినవాడు. బొమ్మలు చూడొద్దంటే బాధేముంటుందనుకున్నాడు.

బాధంతా గొంబెయ్ వల్ల వచ్చింది.

ఉప్పునది రేవులో పడవ నడిపే ముసలాయన పేరు గొంబెయ్. ఎక్కిన ప్రతివాడితోనూ తగువు పెట్టుకుని, తగువు తెగేలోగా అవతలి ఒడ్డుకు చేర్చేస్తాడు. వరదొచ్చిన రోజున సుజు అనే పిల్లను ఒడ్డుకు తోసి తను అలలో పోతాడు. ఉద్యోగానికి పెట్టిన పరీక్షలో అదే ప్రశ్న వచ్చింది. పోయేటప్పుడు గొంబెయ్ చేతిలో ఏముంది? అందరూ తెడ్డు అని రాశారు. పానకాలు ఒక్కడే సుజు చెప్పు అని రాశాడు. ఆ పేజీ దగ్గర అతను అంతలా ఏడ్చాడు కనుక గుర్తుంది. ఆ ఒక్క జవాబుతోనే ఉద్యోగం వచ్చింది. మొదటి నెల జీతం చేతికొచ్చినప్పుడు, ఆ ముసలాయన పోబట్టే కదా తనకు అన్నం దొరికిందనిపించి ముద్ద మింగుడుపడలేదు.

మొదటి ఆటలో, శాఖవారిచ్చిన ఘట్టాల జాబితా ప్రకారం సరిగ్గా ఆ వరద వచ్చేవేళకు ఎర్రదీపం వెలిగి జనం మొహాల మీద పడింది. పానకాలు బల్లమీద ముందుకు వంగాడు. అంటే ఇక్కడ కథ మార్చారు! ఏం మార్చారు?

జనం మొహాల్లోకి చూశాడు. రెండో వరసలో పిండిమిల్లు కోటిలింగం కూచునున్నాడు. మీసం మనిషి. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. గుండెమీద చెయ్యేసుకున్నాడు. కొంచెంసేపు ఊపిరి తీసుకోలేదు. తర్వాత మబ్బు విడినట్టు ఆ మొహమంతా విచ్చుకుంది. మీసం కింద పళ్ళు మెరిశాయి. హాలు మొత్తం అట్లాగే ఉంది. ఒక ముసలావిడ కొంగు నోట్లో కుక్కుకుంది. మొగుడూ పెళ్ళాం ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. పానకాలు ఆ రోజు ఒక్క కేసు కూడా రాయలేదు. రాయడం మర్చిపోయాడు.

గొంబెయ్ బతికాడా? అదే అయ్యుండాలి. కానీ ఎట్లా చెప్పగలం? కథలో దుర్మార్గుడైన ఉప్పు గుత్తేదారు వరదలో కొట్టుకుపోయినా జనం అట్లాగే సంతోషిస్తారు. అదే వరదలో పోయిన సుజు తల్లి బతికొచ్చినా అంతే. మొహాలు సంతోషాన్ని చెబుతాయి గానీ కారణం చెప్పవు. మెడ తిప్పితే తెలిసిపోతుంది. మెడ తిప్పితే ఉద్యోగం పోతుంది.

ఇంట్లో భార్య శేషారత్నం ఉంది. ఇరుగుపొరుగు వాళ్ళతో కలిసి మ్యాట్నీ చూసొచ్చింది. మొగుడు ఎదురుగా కూచుని చూస్తుండగా, ఎర్రదీపంలో, రాయిలాంటి సమముఖంతో చూసింది. శాఖకే ఆదర్శమనిపించేలా ఉంది ఆ మొహం.

"గొంబెయ్ ఏమయ్యాడే?" అన్నాడు పానకాలు అన్నం కలుపుకుంటూ, ఏదో కూరలో కారం సంగతి అడిగినట్టు.

"ఏ గొంబెయ్?"

"మన చుట్టాల్లో ఎంతమంది గొంబెయ్‌లున్నారే?"

"చెబితే మీ ఉద్యోగం పోద్దంట గందా. పెళ్ళాం నోటెంట విన్నా మైలేనని మీరేగా చెప్పారు."

"నోటితో చెప్పొద్దు. తలూపు చాలు."

"ఎందుకండీ అంత ఆత్రం? మీ పెద్దసారు చెప్పాడుగా, అందులో ఆనందించేది ఏం లేదని" అంది శేషారత్నం. అంటూనే గోంగూర పచ్చడి వడ్డించింది. పానకాలు నోట్లో పెట్టుకున్నాడు. వేయించిన నువ్వులు తగిలాయి.

"ఇది మా అమ్మ చేసేట్టు లేదే!"

"లేదు. మార్చా. బావుందా?"

బ్రహ్మాండంగా ఉంది. పానకాలు అలవాటుకొద్దీ సమముఖం పెట్టి తిన్నాడు. మూడుసార్లు వడ్డించుకుని తిన్నాడు. శేషారత్నం పడీపడీ నవ్వింది. గొంబెయ్ సంగతి మాత్రం చెప్పలేదు.

ఈలోగా శాఖ పని ఊపందుకుంది. జనం మొహాలకు రుమాళ్ళు అడ్డం పెట్టుకుంటున్నారని రుమాళ్ళు నిషేధించారు. పాప్‌కార్న్ పొట్లాల వెనక నవ్వుతున్నారని పొట్లాలు తీసేసి దోసిట్లో పోయించారు. తర్వాత కోటిలింగం లాంటివాళ్ళ మీసాల మీదికొచ్చింది వ్యవహారం. నవ్వు మీసం చాటున దాగుతోందని పై ఆఫీసులో కనిపెట్టారు. ఎర్రదీపం వెలగగానే మీసధారులు రెండు చేతులతో మీసాన్ని పైకెత్తి పట్టుకుని పెదవులను తనిఖీకి సమర్పించవలెనని ఆజ్ఞ వచ్చింది.

ఆ ఆదివారం దీపం వెలిగింది. హాల్లోని మీసాలవాళ్ళంతా ఒక్కసారిగా మీసాల మీద చేతులేశారు. ఎవరు ఎట్లా పట్టుకున్నా మెలేసినట్టే ఉంది. చట్టం మొహాన వందమంది మీసం మెలేస్తున్నారు! ఆడవాళ్ళు ఆపుకోలేక ఈలలు వేశారు. త్రివిక్రమరావు తలప్రాణం తోకకొచ్చింది. మీసం ఎత్తుట వేరు, మెలివేయుట వేరు అని మర్నాడు ఇంకో ఆజ్ఞ ఇచ్చాడు గానీ, రెండింటికీ తేడా చూపించమని కోటిలింగం అడిగితే, మీసం లేని ఆయన ఏం చూపించగలడు?

జనం అంతటితో ఆగలేదు. ఎర్రదీపం వెలిగినంతసేపూ నవ్వును బుగ్గల్లో బిగబట్టుకుని, దీపం ఆరాక వదలడం మొదలెట్టారు. మూలంలో ఉన్న ఘట్టాన్ని ఎంతైనా ఆనందించవచ్చని చట్టంలోనే ఉంది కదా. కాకపోతే వరద తర్వాత పుస్తకం ప్రకారం వచ్చేది సుజు తల్లి అంత్యక్రియలు. పాడె లేవగానే హాలంతా పొట్టచెక్కలయ్యేలా నవ్వింది. పానకాలు బల్లమీద కూచుని నోరు వెళ్ళబెట్టాడు. మూలవిధేయతకు ఇంతకంటే గొప్ప నివాళి లేదని కోటిలింగం వాదన.

త్రివిక్రమరావు ఈ నేరానికి 'వాయిదా ఆనందం' అని పేరు పెట్టి స్వయంగా ఉత్తర్వు రాశాడు. "ఒక దృశ్యమునకు ఉద్దేశింపబడిన ఆనందమును ఆ దృశ్యమునందే వినియోగింపవలెను. వినియోగింపబడని ఆనందము మురిగిపోయినట్లు భావింపబడును. దానిని తదుపరి దృశ్యమునకు బదలాయించుట నిషిద్ధము."

ఇంత జరుగుతున్నా పానకాలుకు మాత్రం ఒకటే ధ్యాస. రోజూ మూడాటలు. రోజూ అదే ఘట్టం. తన వీపుకు బారెడు దూరంలో గొంబెయ్ బతుకుతున్నాడో చస్తున్నాడో తెలియదు. ఊరందరికీ తెలుసు. టీ బంకు దగ్గర మాట్లాడుకుంటున్నవాళ్ళు అతన్ని చూడగానే గప్‌చిప్ అయిపోతారు. అతనికి కోపం రాదు, ఏడుపొస్తుంది. ఎవరి చావుతో తనకు ఉద్యోగం వచ్చిందో, ఆ ముసలాయన ఇంకో చోట బతికున్నాడని తెలిస్తే చాలు. అంతకంటే కోరిక లేదు.

ఆఖరి వారం అని పోస్టరు పడింది. శనివారం మ్యాట్నీ. దీపం వెలిగింది. కోటిలింగం కళ్ళు పెద్దవయ్యాయి, చెయ్యి గుండెమీదికి వెళ్ళింది. ఇంకో క్షణంలో ఆ మొహం విచ్చుకుంటుంది. పానకాలు ఇక ఆగలేకపోయాడు. కాలితో నేలను తన్నాడు. బల్ల గిర్రున తిరిగింది.

తెరనిండా అల. కొండంత అల. దాని కింద చిన్న పడవ, అందులో గొంబెయ్ బట్టతల. అల విరిగి పడింది.

అంతే, తెర చీకటైపోయింది.

ఆ రోజే త్రివిక్రమరావు బాల్కనీలో ఆకస్మిక తనిఖీకి వచ్చి, తెరవంక చూడకుండా పరిశీలకుడి మీదే కన్నేసి కూచునున్నాడు. పరిశీలకుడు తిరగడం చూసి, కేకేసి ఆట ఆపించాడు. హాలంతా అయ్యయ్యో అంది. అది ఆట ఆగినందుకు కాదు. పానకాలు చూడబోయింది చూడకుండా పోయినందుకు. దూది చెవులకు వినపడని ఈ సంగతిని, ఆ ఆటకొచ్చిన శేషారత్నం తర్వాత చెప్పింది. అప్పుడామె గొంతులో వేళాకోళం లేదు.

"చెప్పెయ్యనా అండీ? ఉద్యోగం ఎట్టాగూ ఊగిసలాడతానే ఉందిగా" అంది.

"వద్దు. ఇంతదూరం వచ్చాక నోటిమాట వద్దు. నేనే చూడాలి" అన్నాడు పానకాలు.

అతన్ని సస్పెండు చేసి విచారణ సంఘం వేశారు. త్రివిక్రమరావు అధ్యక్షుడు. ఇద్దరు సభ్యులు. ఒకరు రిటైరైన జడ్జిగారు, ఇంకొకరు ఏ సభలోనైనా శాలువా కప్పించుకునే ఒక పండితుడు. ముగ్గురిలో ఎవరూ పుస్తకం చదవలేదు, అనిమే చూడలేదు. నిష్పాక్షికత కోసమే అట్లాంటి వాళ్ళను ఏరారు.

"మీరు తిరిగితిరా?"

"తిరిగానండి."

"తిరిగి ఆనందించితిరా?"

"అల చూశానండి. అల పుస్తకంలో ఉందండి. ఆనందించే టైమివ్వలా మీరు, ఆట ఆపేశారు గదండీ."

జడ్జిగారు కళ్ళజోడు సవరించుకున్నాడు. అల వరకు మూలమైతే నేరం లేదు. అల తర్వాత ఒక్క క్షణం చూసుంటే ఉంది. గీత ఎక్కడుందో తేలాలంటే సంఘం ఆ ఘట్టాన్ని స్వయంగా చూడాలి. కానీ ముఖ పరిశీలకుడు లేకుండా ఎక్కడా ఆట వేయరాదు. చుట్టుపక్కల శిక్షణ పొందిన పరిశీలకుడు పానకాలు ఒక్కడే. చివరికి అతని సస్పెన్షన్‌ను ఒక్క ప్రదర్శనకు మాత్రం ఎత్తేస్తూ, ప్రదర్శన ముగిసిన మరుక్షణం అది తిరిగి అమల్లోకి వచ్చునట్లు ఉత్తర్వు టైపు చేశారు.

మర్నాడు పొద్దున్నే ఖాళీ హాల్లో ముగ్గురు పెద్దలు కూచున్నారు. ముద్దాయి ఎదురుగా బల్లమీద తెరకు వీపుపెట్టి, చెవుల్లో దూది పెట్టుకుని, తనకు శిక్ష వేయబోయేవాళ్ళ మొహాలు కనిపెడుతున్నాడు.

దీపం వెలిగింది. మొదట జడ్జిగారి కింది పెదవి జారింది. పండితుడు శాలువాను పిడికిట్లో నలిపేశాడు. త్రివిక్రమరావు మొహం మాత్రం ఆఫీసు గోడలా ఉంది. పానకాలు ఆ గోడనే చూస్తున్నాడు. దాని మీద ఒక నీటిచుక్క జారింది. ఇంకొకటి. తర్వాత ఆ గోడ మొత్తం ఒక్కసారిగా నవ్వింది. జిల్లా మర్యాదాధికారి కుర్చీలోంచి లేచి, రెండు చేతులూ పైకెత్తి, ఏదో అరిచాడు. దూదిలోంచి వినపడలేదు గానీ, తెనాలిలో పుట్టినవాడికి ఆ పెదవుల కదలిక చెప్పనక్కర్లేదు.

"వన్స్ మోర్!"

ఈ గడ్డమీద పద్యనాటకం చూస్తూ పెరిగినవాడెవడికైనా అది నెత్తుట్లో ఉంటుంది. పద్యం బావుంటే వన్స్ మోర్ అంటాం. చచ్చిపడున్న పాత్రయినా సరే లేచి, దుమ్ము దులుపుకుని, మళ్ళీ పాడి, మళ్ళీ చస్తుంది. ఎవరికీ తప్పనిపించదు. ప్రొజెక్టరు దగ్గరున్నవాడూ ఈ ఊరివాడే. మారుమాట్లాడకుండా వెనక్కి తిప్పి వేశాడు.

పానకాలు ఉత్తర్వును జ్ఞాపకం చేసుకున్నాడు. ఒక్క ప్రదర్శన. అది అయిపోయింది. ఇప్పుడు తను సస్పెండైన మనిషి. సస్పెండైనవాడికి ఎవరి మొహమూ చూడాల్సిన పని లేదు. చెవుల్లో దూది తీసి జేబులో పెట్టుకున్నాడు. నిమ్మళంగా, హక్కుగా, తెరవైపు తిరిగి కూచున్నాడు.

కొండంత అల. చిన్న పడవ. అల విరిగి పడింది. నీళ్ళు సద్దుమణిగాయి. ఏమీ లేదు. ఒడ్డున సుజు ఏడుస్తోంది. ఇంకా ఏమీ లేదు. అప్పుడు నీళ్ళలోంచి ఒక చెయ్యి లేచింది. ఆ చేతిలో చెప్పు. వెనకే బట్టతల. గొంబెయ్ నోట్లో నీళ్ళు ఉమ్మేసి, ఎప్పట్లాగే తగువుకొచ్చాడు.

"రెండో చెప్పు యాడ పారేశావే పిల్లా?"

పానకాలు వెక్కి వెక్కి ఏడ్చాడు. ఏడుస్తూ నవ్వాడు. పుస్తకంలో చచ్చినప్పుడు ఏడ్చిన ఏడుపు అబద్ధం కాలేదు. ఇక్కడ బతికినందుకు నవ్విన నవ్వూ అబద్ధం కాదు. రెండూ అతనివే. వెనక ముగ్గురు పెద్దలు ముక్కులు చీదుకోవడం వినపడింది.

దీపాలు వేశాక ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. త్రివిక్రమరావు గొంతు సవరించుకున్నాడు.

"పరిశీలకుడు గారూ, మొదటి ప్రదర్శనలో సంఘము వారి ముఖములు ఎట్లున్నవి?"

"సమముఖాలేనండి."

"సంతోషము." ఆ మాట అనేసి ఉలిక్కిపడ్డాడు. "అనగా, నమోదు చేయుడు."

తీర్పు సాయంత్రానికి వచ్చింది. శనివారం నాడు పానకాలు తిరగలేదని, బల్ల తిరిగిందని, బల్లపై కూర్చున్న కారణంగా అతనికి ఆ తిరుగుడు సంక్రమించిందని సంఘం తేల్చింది. తప్పు బల్లది. రాష్ట్రంలోని తిరుగుడు బల్లలన్నింటినీ నేలకు మేకులతో దిగగొట్టాలని ఆజ్ఞ. పానకాలు నిర్దోషే గానీ అతని దృష్టి కలుషితమైంది కనుక పరిశీలనకు పనికిరాడు. అతన్ని ఆఫీసులో కవర్లు అంటించే పనికి మార్చారు. ఒకసారి కలుషితమైనవాణ్ణి మళ్ళీ కలుషితం చేయడం సాధ్యం కాదని న్యాయశాఖ సలహా ఇవ్వడంతో, అతను టిక్కెట్టు కొనుక్కుని ఆ బొమ్మను ఎన్నిసార్లయినా చూడవచ్చునని కూడా రాశారు.

విచారణ సంగతి ఊరంతా పొక్కింది. ఆఖరి వారం అన్న పోస్టరు చించేసి ఆట పొడిగించారు. తర్వాతి ఆదివారం పానకాలు, శేషారత్నం మొదటి వరసలో కూచున్నారు.

ఎదురుగా మేకులు దిగగొట్టిన బల్లమీద కొత్త పరిశీలకురాలుంది. తాటికొండ హిమబిందు అని చీరాల పిల్ల. మొదటి ఉద్యోగం. పరీక్షలో సుజు చెప్పు అని రాసి, కింద అడక్కపోయినా 'పాపం' అని కూడా రాసిందని ఆఫీసులో చెప్పుకున్నారు.

దీపం వెలిగింది. ఆ పిల్ల చూపు వరసలన్నీ వెతుక్కుంటూ తిరిగింది. తప్పు చేస్తున్నవాళ్ళను వెతికే చూపు కాదది. పానకాలుకు ఆ చూపు బాగా తెలుసు. అడుగుతోంది. ఒక్కొక్క మొహాన్నీ పట్టుకుని అడుగుతోంది. మొహాలన్నీ పెద్దకళ్ళు చేసుకుని ఆమె తల మీదుగా తెరను చూస్తున్నాయి గానీ ఎవరూ జవాబు చెప్పడంలేదు.

పక్కన శేషారత్నం అతని చెయ్యి నొక్కింది. "కేసు రాసిద్దేమోనండీ" అంది మెల్లిగా.

"రాయనీ" అన్నాడు పానకాలు.

అతను తెరను వదిలేసి ఆ పిల్ల కళ్ళలోకి సూటిగా చూశాడు. ఆమె వెనక అల విరిగి పడింది. నీళ్ళలోంచి చెయ్యి లేచే క్షణం అతనికిప్పుడు లెక్క తెలుసు. సరిగ్గా ఆ క్షణానికి, ముప్పైరెండు పళ్ళూ కనబడేట్టు, చట్టం పట్టుకోవడానికి ఏ అనుమానమూ మిగలకుండా నవ్వాడు. నవ్వుతూ రెండుసార్లు తలూపాడు. బతికాడు, బతికాడు అని.

హిమబిందు కలం పైకెత్తింది. కలం జారి కింద పడింది. చెవుల్లో దూదితో, కదలని బల్లమీద, తెరకు వీపుపెట్టి కూచున్న ఆ పిల్ల మొహం దీపమంత ఎర్రగా, నిండుగా వెలిగిపోయింది. ఆమె మొహం చూసి కేసు రాయడానికి శాఖవారు ఇంకా ఎవరినీ వేయలేదు.